నువ్వెన్ని రోజులు చూసినవ్ బిడ్డా?

ఈ సంక్రాంతికి రామంతాపూర్‌లో అమ్మ ఇంట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక తమ్ముడు యూట్యూబ్‌లో పాత కామెడీ సీరియల్ ‘అమృతం’ పెట్టాడు. టైటిల్ పాట వినపడగానే వంటింట్లో ఉన్నవాళ్ళం, వరండాలో ఉన్నవాళ్ళం అందరం టీవీ ముందుకు చేరాం. అందులో ఇంటి ఓనరు అప్పాజీ తెర మీదికి వచ్చేసరికి ఆయన ఏమంటాడో మేమే ముందు అనేస్తున్నాం. పిల్లలు టీవీని వదిలి మా మొహాలు చూస్తున్నారు.

ఎపిసోడ్ అయిపోయాక తమ్ముడు ప్రతి ఏడూ అనే మాటే అన్నాడు. “ఇట్లాంటియి ఇప్పుడేడున్నయ్ అక్కా? ఇప్పుడన్నీ చెంపదెబ్బలు, పాలల్ల విషం. ఒక్కటన్న చూడబుద్ధయితదా?” నేను నిజమే అన్నట్టు తలూపాను. గోడకు ఆనుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తలేదు. చేతిలో పని ఆపలేదు. “నువ్వెన్ని రోజులు చూసినవ్ బిడ్డా?” అంది. మాట్లాడింది వాడు, అడిగింది నన్ను. వాడు చూడడని అమ్మకు తెలుసు. చూడకుండా నేను కూడా ఒప్పుకున్నందుకు అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వచ్చే సీరియల్ ఒక్కటి కూడా నేను వరసగా వారం రోజులు చూడలేదు. ఫోన్లో తిరిగే ముక్కలు చూశాను. ఒకే చెంపదెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించే ముక్కలు. వాటిని బట్టి మొత్తం మీద ఒక అభిప్రాయం పెట్టుకున్నాను. నాలాగే చాలామంది పెట్టుకున్నారు.

ఫిబ్రవరిలో అమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగింది. ఐదు వారాలు తన దగ్గరే ఉన్నాను. రోజూ సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిదింటి దాకా తనతో పాటు కూర్చుని మూడు సీరియల్స్ చూశాను. ఇప్పటి సీరియల్స్ గొప్పవని చెప్పడానికి ఇది రాయడం లేదు. చాలా చోట్ల అవి బాగా లేవు. కానీ టీవీ గురించి ఎవరి అభిప్రాయానికి విలువ ఇవ్వాలి అన్న విషయంలో నేను ఇన్నేళ్ళూ పొరపడ్డాను. పాతవాటిని తలుచుకుని మురిసిపోయే మాకంటే, ఇప్పటివి రోజూ చూస్తూ రోజూ తప్పులు పట్టే అమ్మలాంటివాళ్ళు చాలా మంచి విమర్శకులు. ఆ మాటను మేము విమర్శగా లెక్కపెట్టలేదు. టైంపాస్ ముచ్చట అనుకున్నాం.

రాసేటోడు మారిండు

అమ్మ ఒక్కతే చూడదు. ఏడున్నరకు ఐదు నిమిషాల ముందు మేడమీది వదిన కిందికి దిగుతుంది. సీరియల్ నడిచేటప్పుడు ఎవరూ మాట్లాడరు. యాడ్స్ రాగానే అమ్మ సౌండ్ తగ్గిస్తుంది. చర్చంతా అప్పుడే. మళ్ళీ సీరియల్ మొదలవగానే మాట ఎక్కడున్నా అక్కడే ఆగిపోతుంది. తరువాతి యాడ్స్‌లో సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకుంటారు.

నాలుగో రోజో ఐదో రోజో, ఒక సీరియల్‌లో కోడలు అత్తగారిని పిలిచింది. మామూలు సీను. అమ్మ మొహం చిట్లించింది. యాడ్స్ రాగానే, “రాసేటోడు మారిండు” అంది. ఎట్లా తెలుసు అన్నాను. “ఏడాది నుంచి అత్తయ్యా అంటున్నది. నిన్నటి నుంచి అత్తమ్మా అంటున్నది. పిలుపు ఊరికే మారదు.” వదిన కూడా అవునంది. నాకు నమ్మకం కలగలేదు. మరుసటి రోజు టైటిల్స్ వచ్చినప్పుడు సెట్‌టాప్ బాక్స్‌లో ఆపి చూశాను. మాటలు రాసినవాళ్ళ దగ్గర కొత్త పేరు ఉంది. పాత పేరేమిటో నెట్‌లో పాత ఎపిసోడ్ తీసి సరిచూసుకున్నాను. నిజంగానే మారింది.

ఒక్క పిలుపు. ‘అత్తయ్య’కు ‘అత్తమ్మ’కు మధ్య ఉన్న ఊళ్ళ దూరం అమ్మకు తెలుసు. ఆ పాత్ర ఏ ఇంట్లో పెరిగిందో, ఆ ఇంట్లో ఏ మాట వాడతారో తన మనసులో ఒక లెక్క ఉంది. రాసినవాళ్ళు మర్చిపోయిన ఆ లెక్క తను మర్చిపోలేదు. పుస్తకాల మీద సమీక్షలు రాసేవాళ్ళు ఇంత సన్నగా చదివితే మనం మెచ్చుకుంటాం.

వదిన చూపు ఇంకో రకం. తనకు ఇళ్ళు గుర్తుంటాయి. ఈ సీరియల్స్‌కు అద్దెకిచ్చే బంగళాలు మణికొండ, నానక్‌రామ్‌గూడ వైపు చాలా ఉన్నాయి. ఒక సీరియల్‌లో కోటీశ్వరుడి ఇంటి మెట్లు, ఇంకోదాంట్లో ఆసుపత్రిలో పై అంతస్తుకు వెళ్ళే మెట్లు ఒకటేనని రెయిలింగ్ మీది పువ్వు డిజైన్ చూసి చెప్పింది. అది చెప్పేటప్పుడు తన గొంతులో ఎగతాళి లేదు. “పాపం, వేరే ఇల్లు దొరకలేదేమో” అంది.

‘కార్తీకదీపం’ సంగతి కూడా చెప్పాలి. ఆ సీరియల్ వచ్చిన రోజుల్లో మా ఆఫీసులో, మా బంధువుల్లో, చూసినవాళ్ళూ చూడనివాళ్ళూ అందరూ ఒకే ప్రశ్న వేశారు. భార్య దీపకు పుట్టే బిడ్డ తన బిడ్డ కాదని అనుమానించే డాక్టర్ బాబు స్వయంగా డాక్టర్ కదా, ఒక డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే కథ ఆ రోజే అయిపోతుంది కదా అని. నేను కూడా అన్నాను. ఆ ప్రశ్నతో సీరియల్‌ను కొట్టిపారేశాననే అనుకున్నాను. ఈ ఐదు వారాల్లో ఒక రోజు అది గుర్తొచ్చి అమ్మను అడిగాను. “పరీక్ష ఎవరు చేయించుకుంటరు? నా అనుమానం తప్పేమో అని భయమున్నోడు చేయించుకుంటడు. ఆయనకు ఆ భయమే లేదు. తనకంతా తెలుసు అనుకున్నోనికి పరీక్షెందుకు?” అంది. తర్వాత మెల్లగా, “మన చుట్టాల్ల లేరా గసుంటోళ్ళు” అని కూడా అంది.

నేను కథలో లోపం అనుకున్న దగ్గర అమ్మకు ఒక మనిషి స్వభావం కనిపించింది. అంత లోతు రాసినవాళ్ళు అనుకుని పెట్టారో లేదో నేను చెప్పలేను. ఎపిసోడ్లు పెంచడానికే ఆ పరీక్షను వాయిదా వేసి ఉండొచ్చు. అయినా సరే, ఆ పాత్రను ఎక్కువ అర్థం చేసుకున్నది అమ్మే.

వారానికి ఒకటి, రోజుకు ఒకటి

తమ్ముడి వాదనలో బలం లేదని నేను అనను. ‘అమృతం’ ఇప్పుడు చూసినా బాగుంది. అందులో నవ్వు ఎవరినీ కించపరచడం వల్ల పుట్టదు. హోటల్ నడిపే స్నేహితులు అమృతరావు, ఆంజనేయులు వేసే ప్రతి పథకం వాళ్ళ ఆశలోంచే పుడుతుంది, వాళ్ళ తొందర వల్లే చెడిపోతుంది. ఆంజనేయులుగా చేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయినప్పుడు మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

కానీ పోల్చేటప్పుడు ఒక లెక్క వదిలేస్తున్నాం. ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా ఆదివారాలు వచ్చింది. మొత్తం 313 ఎపిసోడ్లు. ‘కార్తీకదీపం’ 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరిలో ముగిసేసరికి 1,569 ఎపిసోడ్లు. దాదాపు అంతే కాలంలో ఐదు రెట్లు. ఎపిసోడ్‌కు 20 నిమిషాలే వేసుకున్నా ఐదు వందల గంటలు దాటిపోతుంది. ఒక వారం ఆలోచించి ఒక కథ రాసే పని వేరు, ఈరోజు షూటింగ్‌కు ఈరోజే సీను అందించే పని వేరు. పైగా ప్రతి గురువారం రేటింగ్స్ వస్తాయి. వాటిని బట్టి చచ్చిపోవాల్సిన పాత్ర బతుకుతుంది, పెళ్ళి వాయిదా పడుతుంది. వారపు సీరియల్‌ను, రోజువారీ సీరియల్‌ను పక్కపక్కన పెట్టి రాతగాళ్ళ తెలివిని తూచడం న్యాయం కాదు.

రోజువారీ సీరియల్స్ మంచివి అసలు రాలేదా అంటే, వచ్చాయి. మంజులా నాయుడు గారి ‘ఋతురాగాలు’ దూరదర్శన్‌లో వచ్చిన రోజుల్లో మా వీధిలో ఆ టైటిల్ పాట ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడిచేది. ఆవిడే తర్వాత జెమినీలో ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ తీశారు. ‘మొగలిరేకులు’ 2008 నుంచి 2013 దాకా వెయ్యికి పైగా ఎపిసోడ్లు నడిచింది. ఇవాళ మా వయసువాళ్ళు క్లాసిక్ అంటున్నది వాటినే.

ఆ రోజుల్లో మేమేమన్నామో నాకు గుర్తుంది. ‘చక్రవాకం’ వచ్చే టైముకు నాన్న లేచి గేటు దగ్గరికి వెళ్ళిపోయేవారు. “దూరదర్శన్ రోజులే నయం, వారానికొక నాటకం వేసినా నీటుగా ఉండేది. ఇది ఎన్నేండ్లు సాగదీస్తరు?” అనేవారు. ఇప్పుడు తమ్ముడు అంటున్న మాటలే. ‘మొగలిరేకులు’ నడుస్తున్నప్పుడు నేను కూడా అదే అన్నాను. అందులో హీరో ఆర్కే నాయుడిని చూసి మురిసిపోతూనే, సాగదీస్తున్నారని విసుక్కున్నాను. విసుగు మర్చిపోయాం, మురిపెం మాత్రం గుర్తుంది.

ఇంకొకటి. ఇప్పటి సీరియల్స్‌లో ఒక పాత్రకు ఉన్నట్టుండి కొత్త నటి వస్తే ఫోన్లలో ఎంత గోల చేస్తామో! ‘అమృతం’లో అమృతరావుగా మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ చేశారు. ముగ్గురినీ మనం ఒప్పుకున్నాం. ఇష్టపడ్డ చోట సర్దుకున్నాం. ఇష్టం లేని చోట అదే పనిని తప్పు అంటున్నాం.

ఇందులో మా ఇంటి సంగతి కూడా ఉంది. నేను పుట్టిపెరిగింది రామంతాపూర్‌లో, దూరదర్శన్ కేంద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో. వీధి మొత్తానికి మూడు టీవీలు ఉన్నప్పుడు శుక్రవారం ‘చిత్రలహరి’కి మేమంతా చాపల మీద కూర్చునేవాళ్ళం. 1987లో ‘రామాయణ్’ మొదలైనప్పుడు నాకు ఏడేళ్ళు. హిందీ అందరికీ రాకపోయినా పక్కింటి ఆంటీ మధ్యమధ్యలో తెలుగులో చెప్పేది. ఒకే చానల్, అందరూ చూసింది ఒకటే. పొద్దున్నే నల్లా దగ్గర ఎవరిని కదిపినా అదే ముచ్చట. నేను పాత సీరియల్ అన్నప్పుడల్లా నా మనసులో ఆ చాపలే ఉంటాయి. నాన్న ఉంటారు. ఆ ప్రేమ నిజమైనదే. కానీ దాన్ని తీసుకొచ్చి ఇవాళ్టి సీరియల్ మీద తీర్పుగా చెప్పడానికి మాకు హక్కు లేదు.

అమ్మ అప్పుడూ ఇట్లాగే చూసేదని ఇప్పుడు గుర్తొస్తోంది. శాంతి స్వరూప్ గారు వార్తలు చదివేటప్పుడు, “కాగితం మీద చూపు దించుతున్నడు, మళ్ళీ మన మొహం చూస్తున్నడు, మధ్యల ఒక్క అక్షరం జారనిస్తలేడు చూడు” అనేది. చదవాల్సిన మాటలను కెమెరా దగ్గరే చూపించే ప్రాంప్టర్ అప్పుడు లేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమ్మ అప్పుడే చూసి పట్టుకుంది.

కడుక్కుంటే పోతదా

ఇక నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన విషయం. మా అమ్మ నలుపు. పెళ్ళిచూపుల్లో రెండు సంబంధాలు ఆ కారణంగానే పోయాయని అమ్మమ్మ చెప్పేది. ‘కార్తీకదీపం’ మొదలైనప్పుడు నల్లగా ఉన్న అమ్మాయి కథ అనగానే అమ్మకు ఎంతో ఇష్టం కలిగింది. అత్తగారి ఈసడింపు, పెళ్ళిళ్ళలో చుట్టాల చూపులు, అన్నీ తనకు తెలిసినవే. వంటలు చేసుకుంటూ పిల్లను పెంచుకున్న ఆ దీపను వంటలక్క అని తను కూడా సొంత మనిషిలా పిలిచింది.

ఆ నటి అసలు రంగు అది కాదు. మేకప్‌తో నలుపు చేశారు. దాని మీద నాకు అప్పట్లో చాలా కోపం. నల్లటి ఆడపిల్ల కథకు కూడా నల్లటి ఆడపిల్లకు వేషం ఇవ్వలేదంటే ఆ కథ ఎవరి కోసం అని నా వాదన. ఆ వాదన ఇప్పటికీ మారలేదు. అమ్మకు ఈ విషయం తెలియక చూస్తోందేమో అనుకున్నాను, తెలిస్తే మానేస్తుంది అనుకున్నాను. మొన్న ఒక రాత్రి కాలికి కట్టు మారుస్తూ అడిగాను.

అమ్మకు మొదటి వారం నుంచే తెలుసు. “చెవుల ఎనక చూడు, రంగు సరిగ పూయరు” అంది. కాసేపు ఊరుకుని, “షూటింగ్ అయినంక ఆమె కడుక్కుంటది బిడ్డా. నేను కడుక్కుంటే పోతదా?” అంది.

నాకు మాట రాలేదు. మరి ఎందుకు చూశావమ్మా అని అడగడానికి చాలాసేపు పట్టింది. “రంగు అబద్ధం. ఆ మాటలు అబద్ధం కావు. నన్నన్న మాటలే అన్నరు ఆమెను. ఆ మాటలన్నోళ్ళు తప్పని టీవీల చెప్తుంటే మీ మేనత్త కూడ కూసోని చూసింది.”

నా విమర్శ సరైనదే. అది ఒక్క వాక్యంలో అయిపోయింది. తప్పు అని చెప్పి, టీవీ కట్టేసి, నేను వెళ్ళిపోయాను. అమ్మది అక్కడితో ఆగలేదు. ఆ తప్పును చూసింది, పేరు పెట్టింది, దాని పక్కనే ఉన్న నిజాన్ని కూడా వదులుకోలేదు. రెండింటినీ ఐదేళ్ళు మోసింది. ఇంత బరువైన అభిప్రాయాన్ని నేను ఏ సినిమా మీదా పెట్టుకోలేదు.

తెలిసీ ఎందుకు చూస్తారు?

దీనికి తమ్ముడి దగ్గర గట్టి ప్రశ్న ఉంది. ఫోన్లో చెప్తే విని అన్నాడు: “అన్ని తప్పులు తెలిసినా చూస్తనే ఉన్నరు గదా అక్కా. అసుంటప్పుడు ఆ విమర్శతోని ఏం లాభం? తీసేటోళ్ళకు చూసుడే గావాలె.” ఈ ప్రశ్నతో నేను చాలా రోజులు కొట్టుకున్నాను. నిజమే, కోడలిని కొట్టే సీనును అమ్మ తిడుతూ చూసినా, మెచ్చుకుంటూ చూసినా రేటింగ్స్ లెక్కలో ఒకటే. అసలు కొన్ని ఇళ్ళల్లో మాత్రమే పెట్టే రేటింగ్ మీటర్ అమ్మ ఇంట్లో లేదు కాబట్టి ఆ లెక్కలోకి తను రానే రాదు. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే శత్రువులని రోజూ చూపించే కథలు ఇళ్ళల్లో ఏ మేలూ చెయ్యవు. అందులో నాకు అనుమానం లేదు.

కానీ అమ్మ మానేయదన్నది తప్పు. మానేసింది. ఏడు నెలలు చూసిన ఒక సీరియల్‌లో, పెళ్ళాన్ని కొట్టి బయటికి గెంటిన మనిషి చేత ఒక్క క్షమాపణ కూడా చెప్పించకుండా, ఆమె చేతనే కాళ్ళు మొక్కించారు. అమ్మ రిమోట్ తీసుకుని మార్చేసింది. మళ్ళీ ఆ వైపు పోలేదు. వదిన రెండు రోజులు చూసి తను కూడా మానేసింది. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

2020లో లాక్‌డౌన్‌కు షూటింగులు ఆగిపోయి దాదాపు మూడు నెలలు కొత్త ఎపిసోడ్లు రాలేదు. దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మళ్ళీ వేశారు. అమ్మ అది చూసింది గానీ, ఏడున్నరకు మాత్రం వరండాలోకి వెళ్ళి నిలబడేది. మేడ మీద పిట్టగోడ దగ్గర వదిన. ఇద్దరూ ఆగిపోయిన సీరియల్‌ను ముందుకు నడిపించారు. నిన్న ఎక్కడ ఆపామో గుర్తు చేసుకుని, ఇవాళ ఎవరేం చెయ్యాలో అనుకునేవారు. వాళ్ళ కథలో ఆ అత్తగారు కోడలిని బ్యాంకుకు తీసుకెళ్ళి ఖాతా తెరిపించింది. షూటింగులు మళ్ళీ మొదలయ్యాక టీవీలో ఆ కోడలు గుడిలో దీపం వెలిగిస్తూ ఏడ్చింది. “మనదే బాగుండె” అంది వదిన. నాకు అప్పుడు ఈ సంగతి ముద్దుగా అనిపించింది, అంతే. అది ఎంత పెద్ద మాటో ఇప్పుడు అర్థమవుతోంది. తాము చూస్తున్న కథ ఎట్లా ఉండాలో వాళ్ళకు తెలుసు. అడిగేవాళ్ళు లేరు.

అమ్మ నడక కాస్త సర్దుకున్నాక ఒక మధ్యాహ్నం నేనే ‘అమృతం’ పెట్టాను. మూడు ఎపిసోడ్లు వరసగా చూసింది. బాగా నవ్వింది. మాకు ఇష్టమైనదాన్ని తను కూడా మెచ్చుకోవాలని ఆశగా అడిగాను, ఎట్లుందని. “మంచిగుంది. ఆ మొగోళ్ళిద్దరికి ఒక్క పని చేతగాదు, పెండ్లాలిద్దరు మస్తు తెలివైనోళ్ళు. మరి ఆ హోటల్ ఆడోళ్ళకెందుకు అప్పజెప్తలేరు?”

ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆ ప్రశ్న నాకు రాలేదు.

ఉగాదికి తమ్ముడు వచ్చాడు. పచ్చడి తిన్నాక మళ్ళీ అదే చర్చ. ఈసారి నేను వాడి వైపు లేను. ఇదంతా చెప్పాను, అత్తయ్య, అత్తమ్మ సంగతి కూడా. వాడు చాలాసేపు విని, సరే, రెండు వారాలు నేనూ చూస్తా, తర్వాత మాట్లాడతా అన్నాడు. అమ్మ కర్ర పట్టుకుని లేచి క్యాలెండర్ దగ్గరికి వెళ్ళింది.

“సోమవారం నుంచి చూడు. ఇప్పుడు కథ మంచి మలుపుల ఉంది. మధ్యల ఒక్కరోజు గూడ బంద్ జెయ్యద్దు.”